ఇంజన్ మిస్సింగ్, మళ్లీ మళ్లీ వచ్చే కోడ్: ముందు ఏ పరీక్ష, తర్వాత ఏ పార్టు

ఇంజన్‌లో ఒక సిలిండర్ సరిగా మండకపోవడాన్నే మిస్సింగ్ అంటారు. స్కానర్‌లో పీ0301 (ఒకటో సిలిండర్ మిస్ అని చెప్పే కోడ్) కనబడగానే ఒకటో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు స్పార్క్ వోల్టేజ్ ఇచ్చే పార్టు) మారుస్తారు. కొన్నాళ్లకు అదే కోడ్ మళ్లీ వస్తే ప్లగ్గులన్నీ మారుస్తారు. ఆ తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల మీద పడతారు. మన దగ్గర మిస్సింగ్ రిపేర్లు ఎక్కువగా ఇలాగే నడుస్తాయి. బిల్లు పెరుగుతుంది, చెక్ లైట్ మాత్రం ఆరదు. కోడ్ చెప్పని సంగతిని చెప్పిందనుకోవడం వల్లే ఇదంతా. ఏ సిలిండర్ అనేంతవరకే కోడ్ పని. ఏ పార్టు అనేది పరీక్షలతో తేలాలి. ఆ పరీక్షల్లో కొన్ని ఉచితం, కొన్ని ఖరీదు, కొన్ని మీ బండికి అసలు అక్కర్లేదు. ఏ దశలో దేన్ని ఎంచుకోవాలో చెప్పడమే ఇక్కడి ఉద్దేశం. ఇదంతా పెట్రోల్, సీఎన్‌జీ ఇంజన్లకు వర్తిస్తుంది. డీజిల్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి దాని లెక్క వేరు.

నడపాలా, ఆపాలా

మొదటి ఎంపిక ఇదే, దీనికి స్కానర్ కూడా అక్కర్లేదు. చెక్ లైట్ నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా షెడ్డు దాకా నడుపుకుంటూ వెళ్లొచ్చు. లైట్ మిణుకు మిణుకుమంటుంటే యాక్సిలరేటర్ మీద నుంచి వెంటనే కాలు తీయండి. ఆ మిణుకు మిస్సింగ్ తీవ్రంగా ఉందని చెబుతుంది. సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. లోపలి సిరామిక్ కరిగి మూసుకుపోతుంది. ఒక కాయిల్ ఖర్చుతో పోయేది కన్వర్టర్ ఖర్చుదాకా వెళ్తుంది, అది ఎన్నో రెట్లు ఎక్కువ. వేగం తగ్గించినా మిణుకు ఆగకపోతే బండి పక్కన పెట్టి టోయింగ్ పిలిపించడమే చవక.

కోడ్ ఎలా పుడుతుంది

పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ పక్కనున్న సెన్సర్ పళ్ల చక్రాన్ని చూస్తూ ఉంటుంది. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ కాస్త వేగం అందుకోవాలి. అందుకోకపోతే ఆ వంతు ఏ సిలిండర్‌దో చూసి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఒక మిస్ లెక్కవేస్తుంది. లెక్క పరిమితి దాటితే పీ0301, పీ0302 అని సిలిండర్ నంబరుతో కోడ్ వస్తుంది. ఏ ఒక్క సిలిండర్‌కూ కట్టలేకపోతే పీ0300 వస్తుంది. అంటే ఈసీయూ ప్లగ్గునూ చూడలేదు, కాయిల్‌నూ చూడలేదు. ఒక తోపు తగ్గిందని మాత్రమే చూసింది. తగ్గడానికి కారణాలు మూడే: స్పార్క్ సరిగా లేదు, పెట్రోలు సరిగా రాలేదు, గాలి సరిగా నొక్కుకోలేదు.

పీ0351 నుంచి పీ0354 వరకు ఉండేవి ఇలాంటివి కావు. అవి కాయిల్ సర్క్యూట్‌ను ఈసీయూ నేరుగా కొలిచి ఇచ్చే కోడ్‌లు. పీ0201 వరుస ఇంజెక్టర్ సర్క్యూట్‌ది. మిస్సింగ్ కోడ్ పక్కన ఇలాంటిది ఉంటే వెతుకులాట సగం అయిపోయినట్టే, నేరుగా ఆ కనెక్టర్, వైరు, కాయిల్ లేదా ఇంజెక్టర్ దగ్గరికి వెళ్లండి. పీ0171 (గాలికి తగ్గ పెట్రోలు లేదనే కోడ్) తోడుంటే ముందు గాలి, పెట్రోలు లెక్క తేల్చాలి. పీ0016 (క్రాంక్, క్యామ్ షాఫ్ట్‌ల టైమింగ్ కుదరలేదనే కోడ్) తోడుంటే టైమింగ్ చైన్ చూడాలి, ప్లగ్గులు కొనకూడదు. పీ0420 (కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదనే కోడ్) తోడుంటే దాన్ని ప్రస్తుతానికి వదిలేయండి, చివర్లో దాని దగ్గరికి వస్తాం.

స్కానర్: సొంతదా, షెడ్డులోదా

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉన్న బండికి, ఫోన్‌తో కలిసే ఈఎల్‌ఎం327 బ్లూటూత్ అడాప్టర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. వీటిలో నకళ్లు ఎక్కువ. మరీ చవకవి కొన్ని బండ్లతో మాటిమాటికీ తెగిపోతాయి, కాబట్టి వెనక్కి తీసుకునే చోట కొనండి. పని కాగానే పీకేయండి, రోజులతరబడి అలాగే ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది.

ఆప్ ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి: ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణపు రికార్డు), లైవ్ ఫ్యూయెల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె), మోడ్ 06 (ఈసీయూ సొంత పరీక్షల ఫలితాలు). కోడ్ చదివి చెరిపేయడం మాత్రమే వచ్చే ఆప్ ఈ పనికి చాలదు. మోడ్ 06లో, బండి ఇస్తే, ఏ2 నుంచి ఏ5 వరకు ఉండే వరుసల్లో ఒకటి నుంచి నాలుగు సిలిండర్ల మిస్ లెక్కలు విడివిడిగా ఉంటాయి. కోడ్ పడకముందే ఏ సిలిండర్ బలహీనంగా ఉందో అక్కడ తెలిసిపోతుంది.

షెడ్డులోని పెద్ద స్కానర్ ఎప్పుడు అవసరం? ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూడాలన్నా, కంపెనీ సొంత కోడ్‌లు చదవాలన్నా, క్లచ్ లేదా ఫ్లైవీల్ మార్చాక క్రాంక్ సెన్సర్‌కు మళ్లీ నేర్పించాలన్నా అడాప్టర్ చాలదు. ఇంజన్ నున్నగా నడుస్తున్నా మిస్సింగ్ కోడ్ వస్తోందంటే, దానికి ముందు క్లచ్ పని జరిగిందేమో గుర్తు తెచ్చుకోండి. ఆ నేర్పించే పని మిగిలిపోయి ఉండొచ్చు. ఇవేవీ లేని మామూలు పీ0301కి పెద్ద స్కానింగ్ ఫీజు కట్టనక్కర్లేదు.

చెరిపే ముందు ఫొటో

కోడ్ చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత, స్పీడ్ ఎంత అన్న రికార్డు అది. మళ్లీ మళ్లీ వచ్చే కోడ్‌కు ఇంతకంటే మంచి ఆధారం లేదు. మన షెడ్డుల్లో చాలామంది ముందు చెరిపేసి తర్వాత ఆలోచిస్తారు. "చెరపకండి, ముందు ఫొటో తీసుకోనివ్వండి" అని గట్టిగా చెప్పండి.

కూలెంట్ 35 డిగ్రీలు, ఆర్‌పీఎం 1000 ఉంటే చల్లటి ఇంజన్‌లో, పొద్దున సెల్ఫ్ కొట్టగానే వచ్చిన మిస్. రాత్రంతా కారిన ఇంజెక్టర్, గ్యాప్ తగ్గిపోయిన వాల్వ్, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్, బ్లాక్ మధ్య ప్యాకింగ్) నుంచి సిలిండర్‌లోకి దిగిన కూలెంట్ వైపు చూడాలి. లోడ్ 80 శాతం పైన, ఆర్‌పీఎం 2000 చుట్టూ ఉంటే ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో, పై గేరులో ఒక్కసారిగా తొక్కినప్పుడో వచ్చింది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగే కొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, కాబట్టి బలహీనమైన కాయిల్, అరిగిన ప్లగ్గు అక్కడే బయటపడతాయి. వేడెక్కిన ఇంజన్, ఐడ్లింగ్‌లో మాత్రమే మిస్, రైజ్ చేస్తే సాఫు అయిపోతే గాలి లీకు, లేదా సరిగా మూసుకోని వాల్వ్. ఆర్‌పీఎం పెరిగితే వాల్వ్ దగ్గర లీకయ్యేందుకు సమయం తక్కువ దొరుకుతుంది, అందుకే మిస్ మాయమైనట్టు అనిపిస్తుంది.

వానలో, లేదా వాటర్ సర్వీసింగ్ తర్వాత మొదలైన మిస్సింగ్‌కు ఇవేవీ చూడనక్కర్లేదు. కాయిల్ పీకి ప్లగ్గు గుంతలో నీళ్లున్నాయా చూడండి, గాలి కొట్టి ఆరబెట్టండి. నీళ్ల బదులు ఆయిల్ ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ పోయింది. అది మార్చకుండా కాయిల్ మారిస్తే కొత్త కాయిల్ రబ్బరు కూడా ఆయిల్‌లో నాని పోతుంది. కోడ్ తిరిగి రావడానికి నిత్యం కనిపించే కారణాల్లో ఇదొకటి.

మార్పిడి పరీక్ష: ఖర్చు లేనిది, అన్నిటికంటే నమ్మదగినది

ప్రతి ప్లగ్గు మీదా విడి కాయిల్ ఉన్న బండికి ఇదే మొదటి సలహా. కోడ్ పీ0301 అనుకుందాం. ఒకటో కాయిల్‌ను రెండో దాని మీదికి, ఒకటో ప్లగ్గును మూడో దానిలోకి మార్చండి. ఇంజెక్టర్‌ను కదపొద్దు. కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న అదే వేగం, అదే లోడ్ వచ్చేలా నడపండి. మిస్ పీ0302గా మారితే తప్పు కాయిల్‌ది. పీ0303గా మారితే ప్లగ్గుది. పీ0301గానే ఉంటే కాయిల్, ప్లగ్గు రెండూ నిర్దోషులు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా రెండు పార్టులు తప్పించుకున్నారు. ఇక మిగిలింది ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి).

ఇంజన్ చల్లారాకే ప్లగ్గులు విప్పాలి. అల్యూమినియం హెడ్‌లో వేడి మీద తిప్పితే థ్రెడ్ పోతుంది. విప్పే ముందు గుంతలోని దుమ్మును గాలితో ఊదండి, లేదంటే అదంతా సిలిండర్‌లో పడుతుంది. బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి. ఆపై టార్క్ రెంచ్‌తో 14 మి.మీ. థ్రెడ్ ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.కు 15 నుంచి 20, 10 మి.మీ.కు 10 నుంచి 12. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఫైనల్.

ప్లగ్గు చేతిలో ఉండగానే తెల్లటి పింగాణీని వెలుతురులో చూడండి. నిలువుగా సన్నటి నల్ల గీత ఉంటే స్పార్క్ లోపల కాకుండా బయటి నుంచి హెడ్‌కు దూకుతోంది. ఆ గీతకు జోడీ కాయిల్ రబ్బరు లోపల కూడా ఉంటుంది. ప్లగ్గు ఒక్కటే మారిస్తే, ఆ రబ్బరు మీది కార్బన్ దారి కొత్త ప్లగ్గు మీద కూడా కొన్నాళ్లకు అదే గీత గీస్తుంది. రెండూ కలిపి మార్చాలి.

ఏ సిలిండర్ పనిచేయట్లేదో తెలుసుకోడానికి ఒక్కొక్క కాయిల్ కనెక్టర్ పీకి చూడటం పాత అలవాటు. కాయిల్ బదులు ఇంజెక్టర్ కనెక్టర్ పీకండి. కాయిల్ పీకితే పెట్రోలు మాత్రం దూకుతూనే ఉంటుంది, అదంతా కన్వర్టర్‌లోకి పోతుంది. ఇంజెక్టర్ పీకితే ఆ బెడద లేదు. ఇంజన్ శబ్దం మారని సిలిండరే దొంగ. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో మాత్రం దీన్ని చేత్తో చేయకండి, స్కానర్‌తో ఆపి చూపించమనండి. వెన్యూ 1.0 టర్బో, ఫోక్స్‌వ్యాగన్ టీఎస్‌ఐ లాంటివి ఈ రకమే. వాటి ఇంజెక్టర్ లైన్లలో ఒత్తిడి ప్రాణాంతకం.

పాత శాంత్రో జింగ్ లాంటి వైర్లున్న బండికి మార్పిడి వేరు. చాలా నాలుగు సిలిండర్ల బండ్లలో ఒకే కాయిల్ ఒకటికీ నాలుగుకూ, మరొకటి రెండుకూ మూడుకూ స్పార్క్ ఇస్తాయి. ఒకటి, నాలుగు కలిసి మిస్ అయితే కాయిల్. ఒక్కటే మిస్ అయితే వైరు లేదా ప్లగ్గు. విడి కాయిల్స్ ఉన్న బండిలో మాత్రం పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి మిస్ అయితే ఆ రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

పార్టు కొనేటప్పుడు

పోయిన కాయిల్ ఒక్కటే మార్చాలా, సెట్టు మొత్తమా? ఒక్కటే మార్చండి, కానీ ప్లగ్గులు అన్నీ మార్చండి. కాయిల్స్ చాలావరకు తమంతట తాము పోవు. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగితే దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ఆ ఒత్తిడికి కాయిల్ లోపలి ఇన్సులేషన్ చిట్లుతుంది. అరిగిన ప్లగ్గు మీద కొత్త కాయిల్ పెట్టడం దాన్ని కూడా అదే దారిలో పంపడమే. కొద్ది నెలల్లోనే రెండో కాయిల్ కూడా పోతే అప్పుడు మిగతావన్నీ మార్చేయొచ్చు. మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) విప్పితే గానీ కాయిల్స్ అందని ఇంజన్‌లో మొదటిసారే అన్నీ మార్చడం మేలు, ఎందుకంటే అక్కడ కూలీయే ఎక్కువ.

నికెల్ ప్లగ్గా, ఇరిడియమా అన్నదానికి మాన్యువల్ చెప్పిందే జవాబు. ఇరిడియం మైలేజ్ పెంచుతుందన్న ఆశతో నికెల్ బండికి కొనక్కర్లేదు. ఇరిడియం వేయాల్సిన బండికి నికెల్ వేస్తే నడుస్తుంది గానీ త్వరగా అరుగుతుంది, మళ్లీ కాయిల్ మీద భారం. ఇరిడియం ప్లగ్గు కొన చాలా సన్నం. గ్యాప్ సరిచేస్తామని రేకు గేజ్‌తో తోస్తే విరుగుతుంది. డూప్లికేట్ ప్లగ్గులు మార్కెట్లో చాలా ఉన్నాయి, కాబట్టి బిల్లిచ్చే షాపులో కొనండి. స్క్రాప్ మార్కెట్ కాయిల్‌ను పరీక్షకు వాడుకోవచ్చు, పక్కా రిపేరుకు వద్దు.

మల్టీమీటర్‌తో కాయిల్ బాగుందో లేదో తేల్చేస్తామనేవాళ్లను నమ్మకండి. మూడు, నాలుగు పిన్నుల కాయిల్‌లో చాలావరకు లోపలే ఇగ్నైటర్ (కాయిల్‌ను ఆన్, ఆఫ్ చేసే సర్క్యూట్) ఉంటుంది, దాని రెసిస్టెన్స్ అంకె ఏమీ చెప్పదు. పైగా ఇన్సులేషన్ చిట్లిన కాయిల్ చల్లగా ఉన్నప్పుడు సరైన అంకే చూపిస్తుంది. ఇంజెక్టర్‌కు మాత్రం మీటర్ పనికొస్తుంది. మామూలు పోర్ట్ ఇంజెక్టర్ 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉండాలి, నాలుగూ దాదాపు ఒకేలా ఉండాలి.

ఇంజెక్టర్ మీద అనుమానం నిలిస్తే మూడు దారులు. ట్యాంకులో పోసే సీసా మందు నాలుగు ఇంజెక్టర్లకూ సమంగా వెళ్తుంది, ఒకే ఒక్క ఇంజెక్టర్ పూర్తిగా మూసుకుపోతే దాన్ని తెరవలేదు. కొత్త ఇంజెక్టర్ ఖరీదు. మూడోది ఉత్తమం: విప్పి బెంచ్ మీద అల్ట్రాసోనిక్‌తో కడిగించడం, అయితే కడగక ముందు, కడిగాక గాజు గొట్టాల్లో నాలుగింటి పెట్రోలు మట్టం మీ ముందు చూపించాలి. చూపించని చోట డబ్బులు ఇవ్వొద్దు. తిరిగి బిగించేటప్పుడు ఓ రింగులు (రబ్బరు సీళ్లు) కొత్తవి వేయించండి, పాతవి లీకైతే అగ్ని ప్రమాదమే.

సీఎన్‌జీ బండి ఉన్నవాళ్లకు

మీ చేతిలో ఎవరి దగ్గరా లేని స్విచ్ ఉంది. మిస్ వస్తున్నప్పుడే గ్యాస్ నుంచి పెట్రోలుకు మార్చండి. పెట్రోలులో సాఫు, గ్యాస్‌లో మాత్రమే మిస్ అంటే గ్యాస్ ఇంజెక్టర్, ఫిల్టర్, రెగ్యులేటర్, లేదా బలహీనపడుతున్న స్పార్క్. గ్యాస్‌ను మండించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి అరిగిన ప్లగ్గు ముందు గ్యాస్‌లోనే పట్టుబడుతుంది. గ్యాస్‌లో సాఫు, పెట్రోలులో మిస్ అంటే పెట్రోలు ఇంజెక్టర్లు వాడక ఎండి పట్టేసి ఉంటాయి. రోజూ కొన్ని కిలోమీటర్లు పెట్రోలు మీద నడిపితే ఇది రాదు. రెండింటిలోనూ ఒకే సిలిండర్ మిస్ అయితే వాల్వ్ క్లియరెన్స్ కొలిపించండి. పొడి గ్యాస్‌తో వాల్వ్ సీట్లు అరిగి గ్యాప్ తగ్గిపోవడం, వాల్వ్ పూర్తిగా మూసుకోకపోవడం సీఎన్‌జీ బండ్లలో తెలిసిన జబ్బే.

ఈ20 మీద నింద, గాలి లీకు

ఒకే సిలిండర్ కోడ్ వస్తే పెట్రోలును తప్పుపట్టకండి. ట్యాంకులోని పెట్రోలు అన్ని సిలిండర్లకూ ఒకటే కదా. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) ప్రభావం చూడాలంటే లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ చూడాలి. ఈ10 నుంచి ఈ20కి మారితే అదే గాలికి పెట్రోలు సుమారు 4 శాతం ఎక్కువ కావాలి. ఆరోగ్యంగా ఉన్న బండి దీన్ని సర్దుకుంటుంది. పంపు నీరసించి ట్రిమ్ అప్పటికే +18 దగ్గరున్న పాత బండి మాత్రం దీంతో పరిమితి దాటి పీ0171, పీ0300 చూపిస్తుంది. అక్కడ కూడా మార్చాల్సింది పంపు లేదా ఫిల్టర్.

ట్రిమ్‌ను రెండు చోట్ల చదవండి. ఐడ్లింగ్‌లో +18 ఉండి, 2500 ఆర్‌పీఎంలో +4కు దిగితే గాలి లీకు. ఐడ్లింగ్‌లో మామూలుగా ఉండి లోడ్ మీద పెరిగితే పెట్రోలు సరఫరా తక్కువ. ఈ లెక్క గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ బండ్లకు సరిగ్గా కుదురుతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచేది) ఉంటుంది. వాటిలో లీకైన గాలి కూడా మానిఫోల్డ్ ఒత్తిడిలో లెక్కకు వచ్చేస్తుంది, అందుకని ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడ్లింగ్ ఆర్‌పీఎం పెరుగుతుంది. ట్రిమ్ బాగుంది కాబట్టి లీకు లేదని ఆ బండ్లలో అనుకోకూడదు.

కంప్రెషన్, చివరికి వైరింగ్

మార్పిడిలో కోడ్ కదలకపోతే, ఇంజెక్టర్ కొనే ముందు కంప్రెషన్ చూపించండి. ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ విప్పాలి, పెట్రోలు ఆపాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. చాలా పెట్రోల్ ఇంజన్లు 150 నుంచి 200 పీఎస్‌ఐ మధ్య చూపిస్తాయి. అంకె కంటే తేడా ముఖ్యం: తక్కువ సిలిండర్ ఎక్కువ దానిలో 75 శాతం కంటే దిగకూడదు. తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా గ్యాస్కెట్. ఈ రెండింటిలో ఏదో హెడ్ దించకముందే తేల్చాలంటే లీక్ డౌన్ పరీక్ష చేయించాలి. గాలి ఎక్కించినప్పుడు సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్.

కంప్రెషన్ కూడా బాగుంటే మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి, షోరూమ్ కంటే అక్కడే పని అవుతుంది. ఎలుకలు కొరికిన వైరు, వదులైన పిన్ను, తుప్పు పట్టిన ఎర్తింగ్ కోసం వెతకాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్ బాడీకి మీటర్ పెడితే 0.2 వోల్టు లోపే ఉండాలి. వైరింగ్‌ను అంగుళం అంగుళం కదుపుతూ మిస్ ఎక్కడ పుడుతుందో చూడాలి. ఈసీయూ పోయిందన్న మాట ఇవన్నీ అయ్యాకే వినండి.

రిపేరు తర్వాత

కోడ్ చెరిపి వెంటనే బిల్లు కట్టకండి. ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటోలో ఉన్న వేడి, లోడ్ వచ్చేలా నడిపి, మోడ్ 06లో ఆ సిలిండర్ లెక్క మిగతా వాటితో సమంగా ఉందా చూడండి. మిగతావి సున్నా దగ్గర ఉండి అది మాత్రం పెరుగుతుంటే లైట్ వెలగకపోయినా జబ్బు అలాగే ఉంది.

ఇక పీ0420. మిస్సింగ్ ఉన్నంతకాలం ఆ కోడ్‌ను నమ్మలేం, ఎందుకంటే మిస్ అయిన సిలిండర్ నుంచి పోయే ఆక్సిజన్ సైలెన్సర్ పైపులోని సెన్సర్లను తప్పుదారి పట్టిస్తుంది. మిస్సింగ్ పూర్తిగా పోయాక కొన్ని వందల కిలోమీటర్లు మామూలుగా నడపండి. అప్పుడూ వస్తే, ముందు కన్వర్టర్‌కు పైన సైలెన్సర్ పైపు జాయింట్లలో లీకు లేదని చూసి, ఆ తర్వాతే కన్వర్టర్ ధర కనుక్కోండి. బండి పైకి లాగట్లేదు, రైజ్ చేస్తే ఊపిరాడనట్టు ఉంది అంటే లోపల కరిగి మూసుకుపోయింది, ఇక ఆలస్యం చేయొద్దు. లోపలి సిరామిక్ తీసేసి ఖాళీ డబ్బా బిగిస్తామనే షెడ్డు దగ్గర ఒప్పుకోకండి. పొల్యూషన్ పరీక్షలో దొరికిపోవచ్చు, కన్వర్టర్ తర్వాతి సెన్సర్ అదే పీ0420ని మళ్లీ చూపిస్తుంది.